మెట్ల కింద మాగని గెల

శుక్రవారం పొద్దున కృపాకర్ పథకం చాలా తేలికగా ఉంది. గెల కోయాలి. మెట్ల కింది గదిలో వేలాడదీయాలి. డ్యూటీకి వెళ్లాలి. ఆదివారం తెల్లారేసరికి గెల పసుపు రంగు తిరిగి ఉంటుంది. దాన్ని భుజాన వేసుకుని, కోత పండుగ ఊరేగింపులో అందరికంటే ముందు నడవాలి. వెనక ఎక్కడో బామ్మర్ది ప్రేమ్‌రాజ్ నడుస్తూ ఉంటాడు. ఎంత వెనక అన్నది కృపాకర్ ఇంకా నిర్ణయించలేదు.

ఫలక్‌నుమా గల్లీలోని వాళ్ల చిన్న చర్చిలో ఏటా నవంబరులో కోత పండుగ జరుగుతుంది. ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. అన్నిటిలోకి ఘనమైన కానుక తెచ్చినవాడు డప్పుల వెంట ముందు నడుస్తాడు. ఏడేళ్లుగా ఆ చోటు ప్రేమ్‌రాజ్‌ది. ఊరి బయట అతనికి చిన్న తోట ఉంది. ఆ తోటలోని అరటి గెలలకంటే పెద్దది ఒకటే, అతని నోరు.

పోయిన ఆదివారం కృపాకర్ చర్చిలో లేచి నిలబడి అందరి ముందు చెప్పేశాడు.

"ఈసారి ముందు నడిచేది నేనే. మా పెరట్ల చెట్టు గెల ఏసింది."

వెనక బెంచీలోంచి ప్రేమ్‌రాజ్ గొంతు లేచింది. "చూసిన బావా, చూసిన. అవి అరటికాయలా, బెండకాయలా?"

చర్చి మొత్తం నవ్వింది. పాస్టరయ్య దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ రుమాలు కృపాకర్‌ను వారమంతా నిద్రపోనివ్వలేదు.

అందుకే ఇప్పుడు కొడవలి పట్టుకుని చెట్టు కింద నిలబడ్డాడు.

"ఇంక పదిరోజులన్న ఆగాలె," అంది భార్య కళావతి. "కాయ గుండ్రంగ కాలే. అంచులు సూడు, ఎట్ల కోసుకపోతున్నయో."

"పండుగ ఆగుతదా పదిరోజులు?"

"నిన్నెవరు చెప్పమన్నరు అందరి ముంగట?"

"మీ తమ్ముడు."

కొడవలి ఒక్క వేటుతో పని ముగించింది. బస్సు డిపోలో ఇరవై ఏళ్లుగా మెకానిక్కు కృపాకర్. తుప్పు పట్టిన బోల్టుకైనా, మొండి ఇంజనుకైనా అతని దగ్గర మందు ఉంది. ఒక అరటి గెల తన మాట వినదన్న ఆలోచనే అతనికి రాలేదు.

అప్పుడే మేడమీద నుంచి అమృత దిగివచ్చింది. పై వాటాలో అద్దెకుండే శ్రీహరిరావు కూతురు. తెనాలి వైపు కుటుంబం. డాక్టరు సీటు కోసం పరీక్షకు చదువుతోంది. చేతిలో జీవశాస్త్రం పుస్తకం, చెవి వెనక పెన్సిలు.

"అమ్మా, నువ్వు సైన్సు కదా. గిది రెండ్రోజుల్ల పండాలంటే ఏం జెయ్యాలె? ఎండల పెట్టాల్నా?"

"ఎండ కాదంకుల్, ఎథిలీన్ కావాలి. మొక్కల హార్మోన్లలో అదొకటి. వాయువు కాబట్టి గాల్లోకి వచ్చేస్తుంది. ఒక పండు వదిలిందనుకోండి, పక్క కాయకు కబురు అందుతుంది. అది పండటం మొదలుపెట్టి, అదీ వదులుతుంది. దాని పక్కదానికి అందుతుంది. అలా బుట్ట బుట్టంతా పండిపోతుంది."

"మన గల్లీల లొల్లి పాకినట్టు."

"అచ్చం అలాగే అంకుల్."

కృపాకర్‌కు ఆసక్తి పుట్టింది. మెట్ల పక్క డబ్బాలో మిరప మొక్క నీడలోంచి వీధి వైపుకు వంగి ఉంది. "మరి గిదేంది, గిట్ల ఒంగింది? దీనికి సుత హార్మోనేనా?"

"అవునంకుల్. దాని పేరు ఆక్సిన్. కొనలో పుడుతుంది. వెలుతురు పడని వైపుకు చేరి, ఆ వైపును ఎక్కువ పొడుగు పెంచుతుంది. దాంతో మొక్క వెలుతురు వైపుకు వంగుతుంది. ఇంకో సంగతుంది. ఆ కొన ఉన్నంతకాలం పక్క మొగ్గల్ని పైకి లేవనివ్వదు. కొన తుంచి చూడండి, పక్క కొమ్మలన్నీ లేస్తాయి."

"మా బామ్మర్ది," అన్నాడు కృపాకర్.

"ఏంటంకుల్?"

"ఏం లేదమ్మా. గెల సంగతి చెప్పు."

"పండిన పండ్లు రెండో మూడో పక్కన పెట్టి గది మూసేయండి, చాలు. కానీ కాయ ముదిరి ఉంటేనే అంకుల్..."

ఆ చివరి మాట కృపాకర్ అప్పటికే స్టార్ట్ చేసిన మోటారు సైకిల్ చప్పుడులో కలిసిపోయింది. రెండు పండ్లతో పని జరిగేటట్టయితే రెండు పెట్టెలతో ఇంకా జల్దీ జరగాలి. మెకానిక్కు లెక్క అది. ఆ లెక్కలో ఎక్కడా తప్పు కనబడలేదు.

మాదన్నపేట మార్కెట్లో పండ్లమ్మే వైకుంఠం తోపుడుబండి మీద మిగిలిపోయిన జామపండ్లు, బొప్పాయిలు, ఆపిళ్లు ఒక పక్కకు నెట్టేసి ఉన్నాయి. కృపాకర్ వాటినే చూపించాడు.

"గవి ఎందుకన్నా? మెత్తగైనయి. మంచియి ఇస్త."

"మంచియి వద్దు. మెత్తగైనయే కావాలె. ఇంకా మెత్తటియి ఉన్నయా?"

ముప్పై ఏళ్ల వ్యాపారంలో వైకుంఠానికి ఇలాంటి బేరం తగల్లేదు. రెండు పెట్టెలు నింపి మోటారు సైకిల్‌కు కట్టాక, జాలిగా ఒక మంచి జామపండు కృపాకర్ చేతిలో పెట్టాడు. "ఇది నువ్వు తినన్నా. ఇంట్ల అందరు మంచిగున్నరు కదా?"

పావుగంటలో మెట్ల కింది గది సిద్ధమైంది. పైన గెల, కింద రెండు పెట్టెలు. తలుపు సందుల్లో పాతగుడ్డలు కూరి, చుట్టూ గోధుమరంగు టేపు అంటించాడు. గాలి కూడా అనుమతి అడిగి వెళ్లాల్సినంత గట్టిగా.

ఒక్క పొరపాటు జరిగింది. గది మూలన పాత కూలరు వెనక, తడి గోనెసంచి కప్పిన బుట్ట ఒకటుంది. అందులో శ్రీహరిరావు తెచ్చి పెట్టిన వెయ్యి తమలపాకులు ఉన్నాయి. కూతురికి సీటు రావాలని ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకున్నాడాయన. పూజ శనివారం ఉదయం. మేడమీద వేడిగా ఉంటుందని, కళావతిని అడిగి బుట్టను ఆ చల్లని గదిలో పెట్టుకున్నాడు. కళావతి ఆ మాట గురువారం రాత్రే మొగుడికి చెప్పింది. అప్పుడతను కిటికీలోంచి గెలను చూస్తున్నాడు. "ఆఁ" అన్నాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ "ఆఁ"కు అర్థం విన్నానని కాదని కళావతికి తెలుసు. అయినా నమ్మింది.

మధ్యాహ్నం ప్రేమ్‌రాజ్ వచ్చాడు. చేతిలో అక్కకోసం చేపల కూర టిఫిను. కళ్లు మాత్రం పెరటి మీద. చెట్టుకు గెల లేదు. మెట్ల కింది తలుపుకు టేపు ఉంది. దగ్గరకు పోయి ముక్కుతో గాలి పీల్చాడు. అదో రకం వాసన.

"అక్కా, లోపలేమున్నది?"

"మీ బావ చెప్పొద్దన్నడు."

అంతే. ప్రేమ్‌రాజ్ బుర్రలో దీపం వెలిగింది. మూసిన తలుపు, ఘాటు వాసన, చెప్పొద్దన్న మాట. కార్బైడ్! పండ్ల గోదాములపై దాడులు జరిగినప్పుడల్లా టీవీలో చూపించే ఆ విషపు పొడి. దేవుడి ముందు పెట్టే గెలకు బావ మందు వేస్తున్నాడు!

ప్రేమ్‌రాజ్ ఆ మాటను ఇద్దరికే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని మరీ చెప్పాడు. పొద్దున అమృత చెప్పిన పాఠం సాయంత్రానికి గల్లీ మొత్తం చేసి చూపించింది. ప్రతి నోరూ పక్క చెవిని పండించింది. సంఘ పెద్ద మొగులయ్య దగ్గరకు చేరేసరికి కార్బైడ్ అరబస్తా అయింది. పై వాటా సారుకు దగ్గు మొదలైందట. కళావతి పుట్టింటికి పోవడానికి సంచి సర్దుకుందట.

ఈ కబురు చేరని ఇల్లు గల్లీలో ఒక్కటే. అది కృపాకర్ ఇల్లు.

శనివారం ఉదయం ఈల వేసుకుంటూ వచ్చి తలుపు టేపు మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది. ముందు మొగులయ్య. రైల్వేలో గార్డుగా రిటైరయ్యాడు, ఇప్పటికీ మనుషుల్ని బండిని ఆపినట్టే ఆపుతాడు. వెనక స్త్రీల సమాజం అధ్యక్షురాలు లీలమ్మ. ఆమె వెనక, మొహం నిండా బాధ పులుముకుని ప్రేమ్‌రాజ్.

"వందనాలయ్యా," అన్నాడు కృపాకర్ ఆశ్చర్యపోతూ.

"వందనాలు తర్వాత. తలుపు తియ్యి."

"గెల కోసమా? రేపు తెస్త గదా అయ్యా."

"మందు పెట్టిన గెల చర్చిలకు రాదు కృపాకర్. ముందు నడుసుడు కాదు, నీ పేరే తీసేస్త."

"మందా? ఏం మందు?"

"దేవునికి తెలుసు బావా," అన్నాడు ప్రేమ్‌రాజ్ ఆకాశం వైపు చూసి. "దేవునికి అన్నీ తెలుసు."

కృపాకర్ మొహం ఎర్రబడింది. "దేవునికి తెలుసు సరే, నీకెవరు చెప్పిండ్రు?"

ప్రేమ్‌రాజ్ మళ్లీ ఆకాశం వైపు చూస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలస్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని శ్రీహరిరావు దిగుతున్నాడు. వెనకే అమృత.

"కృపాకర్ గారూ, కాస్త ఆ తలుపు తీయండి. పూజారి గారు గుళ్లో ఎదురు చూస్తున్నారు."

"మీకెందుకు సార్ ఈ తలుపు?"

"అదేంటండీ, నా తమలపాకులు లోపలే ఉన్నాయి కదా!"

కృపాకర్ నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు. కళావతి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పిన. నువ్వు 'ఆఁ' అన్నవ్."

టేపు చర్రున ఊడింది. తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి వచ్చిన వాసనకు మొగులయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. గార్డుగా పనిచేసిన రోజుల్లో కూడా ఆయన ఏ బండి ముందూ అలా వెనక్కి తగ్గలేదు. జామపండ్లు జావ అయ్యాయి. బొప్పాయిలు కుంగిపోయాయి. చిన్న ఈగలు మబ్బులా లేచాయి. శ్రీహరిరావు ముక్కు మూసుకుని కూలరు వెనక నుంచి బుట్ట లాగి, గోనె ఎత్తాడు.

వెయ్యి ఆకులు. పసుపు ముద్దలో ముంచి తీసినట్టు ఉన్నాయి.

అందరి తలలూ ఒకేసారి పైకి లేచాయి. దూలానికి గెల వేలాడుతోంది. కోసినప్పుడు ఎంత పచ్చగా ఉందో అంతే పచ్చగా, గట్టిగా, నవనవలాడుతూ. ఆ గదిలో వయసు మీద పడనిది అదొక్కటే.

"సూడుండ్రి!" అన్నాడు ప్రేమ్‌రాజ్. "మందు లేకుంటే ఆకు పసుపెట్లయితది?"

"మందు కాదండీ," అంది అమృత ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని. "ఈ పండ్లు వదిలిన ఎథిలీనే. అది కాయను పండిస్తుంది, ఆకును ముసలిదాన్ని చేస్తుంది. రెండు మూడు పండ్లు పెట్టమన్నానంకుల్! రెండు పెట్టెలు కాదు."

"మరి గెలకేమైందమ్మా?" కృపాకర్ గెలను వేలితో తట్టి చూశాడు. "గెలకు ఏం పోయేకాలం?"

"అది ముదరలేదంకుల్. ముదరని కాయకు ఆ కబురు అందినా అర్థం కాదు. ఎంత పెట్టినా పలకదు."

లీలమ్మ అప్పటిదాకా గెలనే చూస్తోంది. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ నడిపిన మనిషి. ఎవరు అబద్ధం ఆడుతున్నారో మొహం చూసి చెప్పగలదు. గెలకూ అదే పద్ధతి వర్తించింది.

"మొగులన్నా, కార్బైడ్ పెడితే కాయ రంగు తిరగాలె గద? గిది సూడు. దీనికి ఎవ్వరు ఏం పెట్టలే. పెట్టినట్టయితే గింత పచ్చగ ఎట్లుంటది?"

మొగులయ్య పెట్టెలు కదిపి చూశాడు, మూలలు వెతికాడు. పొడి లేదు, పొట్లం లేదు. చేతులు దులుపుకున్నాడు.

"తప్పు లేదు," అని తీర్పు చెప్పాడు. గెల వైపు ఒకసారి చూసి పూర్తి చేశాడు. "పండు సుత లేదు."

ప్రేమ్‌రాజ్ మొహంలో బాధ మాయమై వెలుగు వచ్చింది. "ఫికర్ చెయ్యకు బావా. రేపు ఎనక గుమ్మడికాయల లైన్ల నిలబడు. నీడ ఉంటది."

వాళ్లు వెళ్లిపోయారు. కృపాకర్‌కు ఎదురుగా శ్రీహరిరావు పసుపు ఆకుల బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిట్టినా బాగుండేది.

"పిల్ల పరీక్ష కోసం మొక్కుకున్నానండీ," అన్నాడు చివరికి.

"అరగంట సార్," అన్నాడు కృపాకర్. "గుడికి పోయి కూసోండి. ఆకులు నేను తెస్త."

పాతబస్తీలో పాన్ డబ్బా లేని మలుపు ఉండదు. లాడ్ బజార్ దాకా ఒక్కటి కూడా వదల్లేదు. ప్రతి డబ్బా దగ్గర ఉన్న తమలపాకులన్నీ ఇమ్మని అదే మాట.

"భాయ్, పాన్ కే పత్తే దేవ్. జిత్నే హై ఉత్నే."

గాజుల దుకాణాల పక్కనున్న పెద్ద డబ్బా యజమాని ఇతని సంచి చూసి, పెళ్లి ఊరేగింపు మొత్తానికి పాన్ తినిపిస్తున్నావా అని నోరు తెరిచాడు. "క్యా మియా, పూరీ బారాత్ కో పాన్ ఖిలారే క్యా?"

"నై భాయ్. హనుమాన్ జీ కీ పూజా హై. హమారే కిరాయేదార్ కీ బచ్చీ కా ఇమ్తెహాన్ హై." అద్దెకుండేవాళ్ల పిల్ల పరీక్ష కోసం పూజ అని చెప్పాడు కృపాకర్.

"అరే, తో పెహలే బోల్నా నా!" యజమాని అప్పటిదాకా తీసిన ఆకులు పక్కన పెట్టి, లోపల తడిగుడ్డలో చుట్టిన లేత కట్టలు తీశాడు. "వో వాలే నక్కో. యే లేకే జా. బచ్చీ కో బోల్, ఘబ్రానా నై." భయపడొద్దని పిల్లకు చెప్పమన్నాడు.

ఆకుపూజ సమయానికి జరిగింది. స్వామి మెడలో దండ నిండుగా ఉంది. అందులో ఎక్కడో సోంపు వాసన వచ్చిందని పూజారి తర్వాత అన్నాడు, కానీ ఫిర్యాదుగా కాదు.

సాయంత్రం మిగిలిన సమస్య రెండు పెట్టెల పండ్లు. బాగా చితికినవి తీసేసి, కళావతి మిగతావి తుడిచి మళ్లీ పేర్చింది.

"పారేస్తే పాపం. చర్చిల ఇద్దాం. వేలంల ఎవరన్న కొని జామ్ చేస్కుంటరు. గెల సుత పట్టు."

"పచ్చి గెల పట్టుకుని ఏ మొహం పెట్టుకుని పోవాలె?"

"అందరి ముంగట చెప్పిన మొహమే. ఇస్తనన్నవ్, ఇయ్యి."

కానుకలన్నీ చర్చి పక్కగదిలో పెట్టుకుంటారు. కృపాకర్ తన గెలను వరండాలోని కొక్కేనికి తగిలించాడు. గదిలోకి తీసుకుపోయి ప్రేమ్‌రాజ్ గెల పక్కన పెట్టడానికి మనసు ఒప్పలేదు. ప్రేమ్‌రాజ్ గెల గది నడుమ దూలానికి బంగారంలా వేలాడుతోంది. ఒక్క మచ్చ లేదు. కింద ఉన్న ఖాళీలో కళావతి రెండు పెట్టెలూ పెట్టి వెళ్లిపోయింది.

చీకటి పడేముందు ప్రేమ్‌రాజ్ వచ్చాడు. ఎలుకలు వస్తాయని కిటికీ మూశాడు. ఎవరైనా చెయ్యి వేస్తారని పెద్ద ప్లాస్టిక్ షీటు తెచ్చి, గెల పైనుంచి నేల దాకా గుడారంలా కప్పాడు. కింద ఏవో పండ్ల పెట్టెలు ఉన్నాయి, ఎవరివో అతను చూడలేదు. అవి కూడా లోపలే పడ్డాయి. షీటు అంచుల మీద ఇటుకలు పెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బావ చేతికి అది దొరుకుతుందేమోనని అతని భయం.

ఆదివారం ఉదయం డప్పులు మొదలయ్యాయి. ప్రేమ్‌రాజ్ తెల్ల చొక్కాలో వచ్చి తాళం తీశాడు. లోపలి వాసన ఎక్కడో పీల్చినట్టే అనిపించింది. షీటు లాగాడు. గెల మీద నల్ల మచ్చలు వచ్చాయి. నిన్నటి బంగారం ఇవాళ చిరుతపులి తోలులా ఉంది. కానీ బయట జనం నిలబడ్డారు. మొగులయ్య పచ్చజెండా ఊపినట్టు చెయ్యి ఊపుతున్నాడు. ప్రేమ్‌రాజ్ గెలను భుజానికి ఎత్తుకుని ముందుకు నడిచాడు.

గేటు దగ్గర మొదటి పండు రాలింది. ఎవరూ చూడలేదు. డప్పు దెబ్బకు ఇంకొకటి. మూడో మలుపు తిరిగేసరికి పండ్లు జోరుగా రాలుతున్నాయి. వెనక లీలమ్మ కొంగు పట్టి ఏరుకుంటూ నడుస్తోంది.

"ప్రేమూ, ఎనక్కి సూడకు బిడ్డా," అంది. "నడుసుకుంట పో."

అతను చూడలేదు. భుజం తేలికవుతున్నది దేవుడి కృప అనుకున్నాడు. గల్లీ చుట్టి వచ్చి, చర్చి మెట్లెక్కి, అందరి వైపు తిరిగి, గెలను రెండు చేతులతో పైకి ఎత్తాడు. చేతుల్లో కాడ ఉంది. కాడకు మూడు పండ్లు ఉన్నాయి. అందరూ చూస్తుండగా వాటిలో ఒకటి రాలి పాస్టరయ్య చెప్పు మీద పడింది.

డప్పులు ఆగిపోయాయి. పాస్టరయ్య రుమాలు కోసం జేబు వెతుక్కున్నాడు. ఈసారి దగ్గు చాలా పెద్దది.

మొగులయ్య వరస చివరి దాకా చూశాడు. గుమ్మడికాయల పక్కన, నీడలో, కృపాకర్ తల వంచుకుని నిలబడ్డాడు. అతని భుజాన గెల. పచ్చిదే. కానీ రాత్రంతా వరండా గాలిలో ఉన్న ఆ గెలలో ఒక్క కాయ కూడా తన చోటు వదల్లేదు.

"కృపాకర్, ముందుకు రా."

"పచ్చిది అయ్యా."

"కండ్లున్నయి నాకు. పండు రాలితే కానుక కాడ ఒక్కటే. నీ గెలకు కాయలున్నయి. నడువు."

డప్పులు మళ్లీ మోగాయి. కృపాకర్ వరస చివర నుంచి చర్చి మెట్ల వైపు నడిచాడు. మొదటి పది అడుగులు నమ్మలేనట్టు, ఆ తర్వాత తన ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ బస్సూ నడవనంత దర్జాగా. కళావతి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పక్కనున్నవాళ్లు అడిగితే జామపండ్ల ఘాటు అంది.

వేలంలో ఆ గెలను శ్రీహరిరావు పాడుకున్నాడు. కార్తీక మాసం భోజనాలకు అరటికాయ బజ్జీ వేయిస్తానన్నాడు. టీ తాగుతూ ముగ్గురు మనుషులు మూడు వైపుల నుంచి కృపాకర్ దగ్గరకు వచ్చారు. ఒకాయన వచ్చే ఏడు పనసకాయ తెస్తానన్నాడు. ఇంకొకాయన మేడ మీద అరటి నాటుతున్నాడట. లీలమ్మ బొప్పాయి వేస్తోందట.

"కొన తుంచితే పక్క కొమ్మలన్నీ లేస్తాయని చెప్పాను కదంకుల్," అంది అమృత నవ్వుతూ.

కృపాకర్ కూడా నవ్వాడు. అంతలోనే ఇప్పుడు కొన తనేనని గుర్తొచ్చి ఆపేశాడు.

ప్రేమ్‌రాజ్ అందరూ వెళ్లేదాకా ఆగి, అమృత దగ్గరకు వచ్చాడు. చొక్కా మీద అరటిపండు మరకలు ఇంకా ఆరలేదు.

"అమ్మా, ఒక్క మాట. పక్క పండు చెప్పింది అస్సలు వినని పండు ఏదన్న ఉన్నదా?"

"బత్తాయి ఉందంకుల్. చెట్టు మీద పండాల్సిందే. పక్కన ఏం పెట్టినా పట్టించుకోదు."

సోమవారం పొద్దున్నే ప్రేమ్‌రాజ్ తన తోటలో బత్తాయి మొక్క నాటాడు. అది కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో అమృత చెప్పలేదు, అతనూ అడగలేదు.